టోపోషీట్‌లో తాతల ఊరు – 4వ పాఠం: చెరువుకి పల్లం ఎటు?

'చెరువు కింద మా పొలం' అని మీ పెద్దలు చెప్పే చోటును గుర్తించమని పోయినసారి అడిగాను. చాలామంది టోపోషీటులో (నేల ఎత్తుపల్లాలు, వాగులు, ఊళ్లు చూపే సర్వే పటంలో) చెరువు బొమ్మకి అడుగున, అంటే దక్షిణాన, పెన్సిల్‌తో చుట్టి పంపారు. అందుకే ఊరి పేర్ల పాఠం వాయిదా వేసి, ముందు దీని సంగతి చూద్దాం.

షీటు అడుగుభాగం దక్షిణం, అంతే. పెద్దలు 'కింద' అనేది పల్లం వైపుని, అది ఎటైనా ఉండొచ్చు. గోధుమరంగు కాంటూరు గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మీది అంకెలు చూడండి. 1:50,000 షీటులో (పటం మీద సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు) సాధారణంగా గీతకీ గీతకీ 20 మీటర్ల తేడా. వాగు దాటే చోట గీత 'వి'లా వంగుతుంది. దాని మొన ఎప్పుడూ ఎగువకే చూస్తుంది, నీళ్లు విచ్చుకున్న వైపుకి పారతాయి.

మైదానంలో చెరువు దగ్గర ఒక్క కాంటూరూ లేకపోవచ్చు. అప్పుడు నేను నీటి అంచునే చూస్తాను. కట్టను ఆనుకున్న వైపు అది నున్నగా ఉంటుంది. వాగులు వచ్చి కలిసే వైపు వంకరటింకరగా ఉంటుంది. ఆయకట్టు కట్టకి అవతల, నీళ్లు లేని వైపు, తూము కింద ఉంటుంది. మీ మాగాణిని అక్కడ వెతకండి.

కట్ట పక్కన 6 అంకె, దాని వెంట ఇంగ్లిష్ 'ఆర్' అక్షరం ఉంటే అది సముద్రమట్టం నుంచి ఎత్తు కాదు. పక్క నేల నుంచి కట్ట 6 మీటర్లు లేచిందని అర్థం. దాన్ని కాంటూరు అంకెతో కలిపి లెక్కలు వేస్తే నాకు చిరాకేస్తుంది. ఆ అక్షరం వేసిందే అలా కలపకుండా ఉండడానికి!

పాత అంగుళం షీట్లలో (మైలుకి అంగుళం, 1:63,360) ఎత్తులు అడుగుల్లో ఉంటాయి. అక్కడి 1,500 గుట్టే మీటర్ల షీటులో 457. అచ్చు వేసిన ఏడాది కాదు, సర్వే చేసిన ఏడాది రాసుకోండి.

1981లో శ్రీశైలం జలాశయం కోసం ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాలకి ఈ పాత షీట్లు మరీ ముఖ్యం. ముంపు తర్వాతి షీటులో ఆ చోట నీలిరంగే ఉంటుంది. పాతదాంట్లో ఊరు, గుడి, బావి, బండిదారి దొరుకుతాయి. నేనైతే ముందు బండిదారి పట్టుకుని వెళ్తాను. వియ్యమందిన ఊళ్లు తరచుగా దాని మీదే తగులుతాయి.

అభ్యాసం: పెద్దవాళ్లకి షీటు చూపించకుండా, తెల్లకాగితం మీద చెరువు, కట్ట, అలుగు, పొలం గీయించండి. ఉత్తరం ఎటని అడగొద్దు, పొద్దు ఎటు పొడిచేదో అడగండి. తర్వాత షీటుతో పోల్చండి. తేడా వచ్చిన చోట వాళ్ల గీత చెరిపేయకండి, అది ఏ కాలం నాటి జ్ఞాపకమో అడిగి పక్కనే రాయండి.