లండన్ నుంచి ఒక్కరోజులో రై
లండన్‌లో ఉండే మనవాళ్ళకి ఒక చిట్కా, వీకెండ్‌కి కారు లేదని ఇంట్లోనే ఉండిపోకండి, సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో హైస్పీడ్ ట్రైన్ ఎక్కి యాష్‌ఫర్డ్‌లో మారితే గంటా పావు అటూఇటూగా రై అనే పాత ఊళ్ళో దిగుతారు, స్టేషన్ నుంచి అంతా నడకే, బస్సుతో పనే లేదు. ఒకప్పుడు ఇది రేవు, సముద్రం వెనక్కి పోయి ఇప్పుడు రెండు మైళ్ళ దూరంలో ఉంది. మెర్మెయిడ్ స్ట్రీట్ ఏటవాలుగా, గుండ్రటి రాళ్ళు పరిచి ఉంటుంది, వాన పడితే కాలు జర్రున జారుద్ది, స్ట్రోలర్ అస్సలు కదలదు, పాపని చంకనేసుకోవాల్సిందే, బూట్లు మంచి గ్రిప్ ఉన్నవి వేసుకోండి. సెయింట్ మేరీస్ చర్చి టవర్ మాత్రం వదలొద్దు. ఇరుకు మెట్లు, గంటల పక్కనుంచే ఎక్కాలి, కానీ పైనుంచి ఎర్ర పెంకుల కప్పులు, వాటి అవతల పచ్చటి చిత్తడి నేలలో మేసే గొర్రెలు, అబ్బా ఎంత బాగుంటుందో!

టికెట్‌కి నెట్‌వర్క్ రైల్‌కార్డ్ అనే డిస్కౌంట్ కార్డు తీసుకోండి, ఒక్కరి దగ్గరుంటే చాలు కలిసి వెళ్ళే ఇంకో ముగ్గురు పెద్దవాళ్ళకి కూడా మూడో వంతు తగ్గుద్ది, వీక్‌డేస్‌లో అయితే పొద్దున 10 తర్వాతే. పులిహోర కట్టుకెళ్ళండి.