పడకగదిలో ట్రాన్స్‌ఫార్మర్ మోతను స్పీకర్‌తో తగ్గించడం ఎలా?

మా పడకగది కిటికీకి ఎదురుగా వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. పగలు దాని ఊసే తెలీదు. రాత్రి పదకొండు దాటి వీధి సద్దుమణిగాక గుయ్యిమంటూ చెవిన పడుతుంది. కిటికీ మూసినా, మందపాటి పరదా వేసినా పెద్దగా తేడా ఉండదు. ఇలాంటి మోతకు సరిగ్గా ఎదురు మోత పుట్టించి అణచడమే యాక్టివ్ నాయిస్ కంట్రోల్.

ఊహ కొత్తది కాదు. శబ్దమంటే గాలి ఒత్తిడి పెరగడం, తగ్గడమే. ఒకటి పెంచే క్షణంలోనే ఇంకొకటి అంతే మేర తగ్గిస్తే చెవికి మిగిలేది ఏమీ ఉండదు. జర్మనీకి చెందిన పాల్ ల్యూగ్‌కు దీనిమీద 1936లోనే అమెరికా పేటెంట్ వచ్చింది. కానీ అంత వేగంగా లెక్కకట్టే సాధనం ఆ రోజుల్లో ఎక్కడుంది! బోస్ ఆడియో కంపెనీ స్థాపకుడు అమర్ బోస్ 1978లో యూరప్ నుంచి విమానంలో తిరిగొస్తూ హెడ్‌ఫోన్ల కోసం ఇదే లెక్క వేసుకున్నారు. పైలట్ల హెడ్‌సెట్‌గా అది అమ్మకానికొచ్చేసరికి 1989 అయింది. చెవిని మూసి చేయడం తేలిక. గదిలో చేయడమే కష్టం.

1. మోత ఏ రకమో చూడండి

ఫోన్‌లో శబ్దంలోని ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో గీసి చూపే స్పెక్ట్రాయిడ్ లాంటి యాప్ వేసుకుని, ఫ్యాను ఆపి, ఫోన్‌ను దిండు మీద పెట్టి ఒక నిమిషం ఆగండి. తెర మీద ఒకటి రెండు చోట్ల సూదిలా గీతలు లేస్తే ఆశ ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇనుప రేకులు ప్రతి సైకిల్‌కు రెండుసార్లు సాగి ముడుచుకుంటాయి కాబట్టి గీత 100 దగ్గర లేస్తుంది. 200, 300 దగ్గర దాని పిల్లలు కూడా కనిపించొచ్చు. 1500 ఆర్‌పీఎంతో తిరిగే నాలుగు సిలిండర్ల జనరేటర్ అయితే 50 దగ్గర చూడండి.

గీతలేవీ లేకుండా అంతా పరుచుకుని ఉంటే, అంటే ఫ్యాను గాలి, వాన, రోడ్డు రొద అయితే, ఈ వ్యాసంలోని పద్ధతి మీకు పనికిరాదు. హారన్లు, పెళ్లి బ్యాండు సంగతి చెప్పనే అక్కర్లేదు.

2. సందులు మూయండి

కిటికీ అంచులకు రబ్బరు పట్టీ, తలుపు కింద బ్రష్. కీచుమనే శబ్దాలు వీటితోనే చాలావరకు తగ్గుతాయి. 100 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 3.4 మీటర్లు, దానికి మన పరదా ఒక లెక్కా?

3. తల ఎక్కడ పెడతారో తేల్చుకోండి

అందరూ దాటేసేది ఇదే, అసలు కిటుకూ ఇదే. ఈ పద్ధతి గదిని నిశ్శబ్దం చేయదు. గదిలో ఒక చోటును మాత్రమే చేస్తుంది. ఆ చోటు వెడల్పు సుమారు అల పొడవులో పదో వంతు. 100 హెర్ట్జ్‌కు 34 సెంటీమీటర్లు, అంటే ఒక తల, కాస్త దిండు. 1000 హెర్ట్జ్‌కైతే మూడు సెంటీమీటర్ల పైచిలుకు. తల కాస్త తిప్పితే చాలు, చెవి బయటపడిపోతుంది.

రెండు అలలూ ఎంత బాగా కుదరాలో చూడండి. బలం సమానంగా ఉండి, సమయంలో అలలో పద్దెనిమిదో వంతు తేడా ఉంటే 9 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆరో వంతు తేడా వస్తే లాభం సున్నా. అది దాటితే మోత పెరుగుతుంది. ఎంత చెడ్డా 6 డెసిబెల్స్ దాకా పోతుంది. నేను ప్రయత్నించిన మొదటి రాత్రి నా దిండు దగ్గర బాగానే తగ్గింది. "ఏంటండీ, ఇంకా ఎక్కువైంది?" అని మా ఆవిడ లేచి కూర్చుంది.

4. ఖర్చు పెట్టే ముందు 100 హెర్ట్జ్ పరీక్ష

కనీసం నాలుగంగుళాల కోన్ ఉన్న వైరు స్పీకర్‌ను తలవైపు అరమీటరు దూరంలో పెట్టండి. ల్యాప్‌టాప్‌లో టోన్ జనరేటర్ తెరిచి 100 హెర్ట్జ్ పెట్టి, వీధి మోతతో సమానమయ్యే దాకా వాల్యూమ్ మెల్లగా పెంచండి. ఫోన్ స్పీకర్ ఇంత కింది స్వరం పలకలేదు.

ఇప్పుడు తల కదపకుండా పడుకోండి. మోత ఉబ్బుతూ, సన్నగిల్లుతూ, మళ్లీ ఉబ్బుతూ ఉంటుంది. కారణం గ్రిడ్. కరెంటు కచ్చితంగా 50 మీద నిలవదు. అనుమతించిన హద్దులే 49.90 నుంచి 50.05 దాకా. గ్రిడ్ 49.98 మీద ఉంటే వీధి మోత 99.96, మీ స్పీకర్‌ది 100. తేడా 0.04, కాబట్టి 25 సెకన్లకోసారి రెండూ కలిసి, విడిపోతాయి. ఆ సన్నగిల్లిన క్షణాలే మీకు దక్కబోయే నిశ్శబ్దానికి నమూనా. అప్పుడు ప్రాణానికి హాయిగా అనిపించకపోతే మిమ్మల్ని వేధిస్తున్నది 200, 300 గీతలన్నమాట. అక్కడితో ఆపేసి మోతను అణచే మంచి ఇయర్‌బడ్స్ కొనుక్కోండి. చెవికి బిగువుగా కూర్చునే రబ్బరు టిప్ ఎంచుకోవడం మర్చిపోకండి.

5. గ్రిడ్ వెంట పరుగెత్తే బుర్ర

టీన్సీ లాంటి, ప్రోగ్రామ్ నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు, దాని ఆడియో కార్డు, దిండు పక్కన ఒక వైరు మైకు కావాలి. ఎఫ్ఎక్స్ఎల్ఎంఎస్ అనే పద్ధతిలో రాసిన ప్రోగ్రామ్ మైకులో ఇంకా మిగిలిన మోతను చూస్తూ స్పీకర్‌ను క్షణక్షణం సర్దుతుంది. వీధి మోత లయ కోసం 9 వోల్టుల ఏసీ కరెంటునే బయటికిచ్చే (డీసీ కాదు) అడాప్టర్ నుంచి, వోల్టేజీని ఇంకా తగ్గించి, 50 హెర్ట్జ్ సంకేతం తీసుకుని ప్రోగ్రామ్‌లో రెట్టింపు చేయొచ్చు. నేరుగా మెయిన్స్ వైరు జోలికి మాత్రం వెళ్లకండి.

ముందుగా స్పీకర్ నుంచి బుస్సుమనే శబ్దం కొన్ని సెకన్లు పంపి, అది మైకుకు ఎలా చేరుతోందో ప్రోగ్రామ్‌కు నేర్పాలి. ఈ కొలత అలలో పావు వంతుకు మించి తప్పితే అది మోతను తగ్గించే బదులు పెంచుకుంటూ పోతుంది. అందుకే వాల్యూమ్‌కు గట్టి హద్దు పెట్టండి, సర్దుబాటు అడుగు చిన్నదిగా ఉంచండి, మంచం జరిపితే మళ్లీ కొలవండి. బ్లూటూత్ స్పీకర్ వద్దు. అందులో ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటడం మామూలే, అదీ ఒకేలా ఉండదు.

గది మొత్తానికి కావాలంటే?

శబ్దాన్ని గుమ్మంలోనే పట్టుకోవాలి. సింగపూర్‌లోని నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీ పరిశోధకులు 2020లో తెరిచిన కిటికీ ఊచలకు 24 చిన్న స్పీకర్లు బిగించి, లోపలికొచ్చే రొదను 10 డెసిబెల్స్ దాకా తగ్గించారు. మనలాగే వాళ్లకూ గాలి కోసం కిటికీ తెరవాలి కదా. ఇంట్లో చేసుకునే పని మాత్రం కాదది.

మా ఇంట్లో ఇప్పుడు రెండో స్పీకర్, రెండో మైకు అవతలి దిండు దగ్గర ఉన్నాయి. మంచినీళ్లకని లేచి రెండడుగులు వేస్తే మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ గుయ్యిమంటుంది.