పొరల ఖనిజంతో ఫ్లోరైడు తొలగింపు – 4వ పాఠం: బోరు నీటిలో బైకార్బనేటు

కిందటి పాఠంలో కాల్చిన హైడ్రోటాల్సైట్ (మెగ్నీషియం, అల్యూమినియం పొరల ఖనిజం) పొడి స్వేదన జలంలో కలిపిన ఫ్లోరైడును చక్కగా పట్టిందనీ, అదే పొడి అదే తూకంలో బోరు నీటికి వాడితే దాదాపు పనే చేయలేదనీ చాలామంది రాశారు. పొడి సరిగ్గా కాలలేదనుకొని కొందరు దానిని 900 డిగ్రీల దాకా మళ్లీ కాల్చారు. ఆ పని చేయకూడదు, ఎందుకంటే అంత వేడికి స్పినెల్ అనే స్థిరమైన ఖనిజం ఏర్పడి, నీటిలో పొరలు తిరిగి కట్టుకునే గుణమే పోతుంది. 450 నుంచి 500 డిగ్రీలు చాలు. తప్పు పొడిది కాదు, స్వేదన జలంతో మొదలుపెట్టించిన నాది.

బోరు నీటిలో ఉప్పు ఎక్కువైనందువల్ల క్లోరైడు అడ్డుపడిందని పలువురు ఊహించారు. మెగ్నీషియం, అల్యూమినియం పొరల మధ్య చోటు కోసం జరిగే పోటీలో క్లోరైడు, నైట్రేటు రెండూ ఫ్లోరైడు కంటే బలహీనమైనవి. అందరికంటే ముందు చోటు పట్టేది కార్బనేటు. పొడి నీటిలో పడగానే హైడ్రాక్సైడు విడుదలై పీహెచ్ పెరుగుతుంది, దానితో నీటిలోని బైకార్బనేటు కార్బనేటుగా మారుతుంది. అంటే మన పొడే తన శత్రువును తయారు చేసుకుంటుంది.

లెక్క చూడండి. క్షారత (ఆమ్లాన్ని తటస్థీకరించే శక్తి, ఈ నీటిలో అది ముఖ్యంగా బైకార్బనేటుదే) లీటరుకు 300 మిల్లీగ్రాములు, కాల్షియం కార్బనేటు లెక్కన, అనుకుందాం. దానిని కాల్షియం కార్బనేటు తుల్యభారమైన 50తో భాగిస్తే 6 మిల్లీ తుల్యాంకాలు. ఫ్లోరైడు 4 మిల్లీగ్రాములైతే, దాని తుల్యభారమైన 19తో భాగించగా 0.21 మాత్రమే. ఒక్క ఫ్లోరైడుకు దాదాపు 28 బైకార్బనేట్లు పోటీకి నిలిచాయన్నమాట. పైగా ఇవి రెండూ కలిసి రావడం యాదృచ్ఛికం కాదు. నల్లగొండ వంటి గ్రానైటు నేలల్లో బైకార్బనేటు పెరిగిన నీటిలో ఉన్న కాల్షియం, కార్బనేటుగా మారి అడుగుకు దిగిపోతుంది. కాల్షియం తగ్గిన ఆ నీటిలో ఫ్లోరైడు ఖనిజం మరింత కరుగుతుంది. కాబట్టి ఫ్లోరైడు ఎక్కువున్న నీటి క్షారతను కొలవకుండా పొడి తూచడం చీకట్లో బాణం వేయడమే.

పొడి మోతాదు పెంచడం నాకు నచ్చని మార్గం. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 4.5కు దించి, అరగంట గాలి బుడగలు పంపి, కార్బన్ డయాక్సైడును వెళ్లగొట్టిన తరువాతే పొడి వేస్తాను. పై నీటికి లీటరుకు 0.1 నార్మల్ ఆమ్లం సుమారు 60 మిల్లీలీటర్లు పడుతుంది, క్లోరైడు 213 మిల్లీగ్రాములు పెరుగుతుంది. భారత ప్రమాణం 10500లో క్లోరైడుకు ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 250, నీటిలో ముందే ఉన్న క్లోరైడు కూడా కలిస్తే అది దాటవచ్చు కనుక, ఇది ప్రయోగానికే తప్ప తాగునీటికి కాదు. కాల్చిన పొడి గాలిలోని కార్బన్ డయాక్సైడును కూడా పీలుస్తుంది; మూత బిగించండి.

అభ్యాసానికి 12 సీసాలు కావాలి. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల 100 మిల్లీలీటర్ల స్వేదన జలంలో సోడియం బైకార్బనేటును 0, 8.4, 16.8, 33.6, 50.4 మిల్లీగ్రాముల చొప్పున, ఒక్కో మోతాదును రెండేసి సీసాలలో కలపండి. ఈ పదింటిలో 0.1 గ్రాము పొడి వేయాలి. మిగిలిన రెండింటిలో ఒకటి పొడి లేకుండా, మరొకటి ఫ్లోరైడు లేకుండా ఉండాలి. నాలుగు గంటలు ఊపి, వడగట్టి, ముందు పీహెచ్, తరువాత బఫరు (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) కలిపి ఫ్లోరైడు కొలవండి. 4 నుంచి 1.2కు దిగితే గ్రాముకు 2.8 మిల్లీగ్రాములు పట్టినట్టు; ఆ అంకెను బైకార్బనేటు మోతాదుకు ఎదురుగా గ్రాఫు గీసి, వచ్చే పాఠానికి దగ్గర ఉంచుకోండి.