నవోదయ పరీక్ష: ఇంట్లో వచ్చిన లెక్క పేపర్లో ఎందుకు పోతోంది? సమస్య - పరిష్కారం

జవహర్ నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతి సీటు కోసం రాసే నవోదయ పరీక్ష దగ్గర పడే కొద్దీ ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులు వచ్చి అడిగేది ఇంచుమించు ఒకటే. "మావాడికి టెన్షన్ ఎక్కువైపోయింది మాస్టారూ, ఏం చెయ్యమంటారు?" పదేళ్ల పిల్లకి టెన్షన్ ఊరికే రాదు. పేపర్లో ఎక్కడో ఒక చోట పని జరగడం లేదు. ఆ చోటు ఏదో పిల్లకి చెప్పడం రాదు, పెద్దలు వెతకరు. వెతక్కుండానే ఇంకో గైడ్ కొంటారు, ఇంకో గంట ట్యూషన్ పెంచుతారు.

పరీక్ష స్వరూపం మీకు తెలిసే ఉంటుంది. 80 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు. బొమ్మలతో అడిగే మెంటల్ ఎబిలిటీ ప్రశ్నలు 40, లెక్కలు 20, భాష 20. తప్పు జవాబుకి మార్కులు కొయ్యరు. కాబట్టి సిలబస్ గురించి ఇక్కడ చెప్పను. మార్కులు పడిపోతున్నప్పుడు ఎక్కడ చూడాలో మాత్రమే చెబుతాను.

ముందు ఈ పని చెయ్యండి

పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, పోయినసారి మోడల్ పేపర్లో తప్పు పోయిన ప్రశ్నని పైకి చదివించండి. చదివాక "ఏమడిగాడు ఇక్కడ?" అని అడగండి. జవాబు అడక్కండి, లెక్క చెయ్యమనకండి. ప్రశ్న ఏమడిగిందో సొంత మాటల్లో చెప్పగలుగుతోందో లేదో అది ఒక్కటే చూడండి. ఇలా ఓ పది ప్రశ్నలు. పావుగంట కూడా పట్టదు. మార్కుల షీట్లు ఫైల్ చేసి తెచ్చేవాళ్లు ఉన్నారు, గ్రాఫులు గీసుకొచ్చిన నాన్నగారు కూడా ఉన్నారు. ఈ పని చేసి వచ్చినవాళ్లని మాత్రం వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

లక్షణం: నోటితో అడిగితే అన్నీ చెబుతుంది, పేపర్ పెడితే లెక్కల్లో సగం పోతాయి

దీనికి ఇంట్లో చెప్పుకునే కారణాలు మూడు: భయం, అజాగ్రత్త, ప్రాక్టీసు చాలకపోవడం. మూడింటికీ మందు ఒకటే, రోజుకో పేపర్ రాయించడం. నెల తిరిగేసరికి మార్కులు అక్కడే ఉంటాయి, పిల్ల మాత్రం పేపర్ చూస్తేనే ముఖం తిప్పుకుంటుంది.

తప్పుల్ని వరసగా పెట్టి చూడండి. అంకెలే ఉన్న లెక్కలు, అంటే సూక్ష్మీకరణలు, దశాంశాల కూడికలు సరిగ్గా ఉన్నాయా? మెంటల్ ఎబిలిటీలో బొమ్మలు కూడా బాగానే ఉన్నాయా? మాటల్లో అడిగిన లెక్కలే పోతున్నాయా? భాష భాగంలో నాలుగు పేరాలకీ టైం చాలడం లేదా? ఈ నాలుగింటికీ అవునంటే, పిల్లకి లెక్కలు వచ్చు. ప్రశ్న ఉన్న భాష రాదు.

ఇది ఎలా జరుగుతుందో చూడండి. రెండు రాష్ట్రాల్లోనూ సర్కారు బడులు చాలావరకు ఇంగ్లిష్ మీడియంలోకి వెళ్లాయి, ప్రైవేటు బడుల సంగతి చెప్పనే అక్కర్లేదు. క్లాసులో పాఠం తెలుగులోనే సాగుతుంది, లెక్కల మాటలు మాత్రం ఎల్‌సీఎం, ఫ్యాక్టర్, రిమైండర్, న్యూమరేటర్. పిల్ల బుర్రలో లెక్క ఆ మాటలతోనే కూర్చుంటుంది. ఇక దరఖాస్తు సంగతి. నాన్న ఆధార్, ఫొటో, బడి సర్టిఫికెట్ పట్టుకుని నెట్ సెంటర్‌కి వెళ్తాడు. 'పరీక్ష మాధ్యమం' అనే గడి దగ్గర ఆపరేటర్ అడిగితే అడుగుతాడు, లేకపోతే తెలుగు పెట్టి పక్క గడికి పోతాడు. అడిగినా "తెలుగువాళ్లమే కదా, తెలుగే పెట్టు" అంటారు. దీనికి తిరగేసిన కథ కూడా ఉంది: తెలుగు మీడియంలో చదివే పిల్లకి, ఇంగ్లిష్ అయితే గొప్పగా ఉంటుందని ఇంగ్లిష్ పెట్టించడం. ఏది పెడితే ఆ భాషలోనే ప్రశ్నపత్రం వస్తుంది.

ఇంటి దగ్గర ఇది బయటపడకపోవడానికి కారణం మన మోడల్ పేపర్లే. చాలా బిట్ బ్యాంకుల్లో, కోచింగ్ సెంటర్ల గ్రాండ్ టెస్టుల్లో ప్రశ్న రెండు భాషల్లోనూ అచ్చవుతుంది. పిల్ల తనకి అలవాటైన వరస చదువుకుని జవాబు పెట్టేస్తుంది. ఎన్ని పేపర్లు రాయించినా లోపం కనపడదు. ఒకే భాషలో ఉన్న పేపర్ చేతికొచ్చిన రోజు మార్కులు ధడాలున పడిపోతాయి. ఆ రోజే అసలు పరీక్ష కూడా అయితే, ఇంటికొచ్చి "నాకేమీ గుర్తు రాలేదు" అని ఏడుస్తుంది. అందరూ దాన్ని టెన్షన్ అంటారు.

ఒక ఉదాహరణ. "84, 126ల గరిష్ఠ సామాన్య భాజకం (గ.సా.భా.) ఎంత?" ఐచ్ఛికాలు 14, 42, 126, 252. ఇదే ప్రశ్నని హెచ్‌సీఎఫ్ అని అడిగితే 42 అని పెట్టే పిల్ల, తెలుగులో అడిగితే 252 పెడుతుంది. గరిష్ఠ అన్నాడు కాబట్టి పెద్దది ఎంచుకుంటుంది. 252 కనిష్ఠ సామాన్య గుణిజం (క.సా.గు.) అవుతుంది, అదీ ఐచ్ఛికాల్లో ఉంది కాబట్టి అనుమానం కూడా రాదు. ఇంకోటి: "ఒక సంఖ్యను 15తో భాగిస్తే భాగఫలం 12, శేషం 7. ఆ సంఖ్య ఎంత?" 15ని 12తో గుణించి 7 కలిపితే 187. చెయ్యడం వచ్చు. భాగఫలం అంటే కోషెంట్ అని ఎవరూ చెప్పలేదు. ఆ మాట దగ్గర ఆగుతుంది, మళ్లీ మొదటినుంచి చదువుతుంది, గడియారం చూస్తుంది. రెండు మూడు ప్రశ్నలు ఇలా అయ్యాక వచ్చిన లెక్కలు కూడా చేతికి రావు.

ఇబ్బంది పెట్టే మాటలు చాలా ఉంటాయని కంగారు పడకండి. లాభం, నష్టం, కొన్నవెల, చుట్టుకొలత పిల్లలకి అర్థమైపోతాయి, ఇంట్లోనో కొట్లోనో విన్నవే. ఇబ్బంది పెట్టేవి ఇవీ: కారణాంకం, గుణిజం, లవం, హారం, విభాజ్యం, విభాజకం, భాగఫలం, లబ్ధం, ఆరోహణ క్రమం, అవరోహణ క్రమం, అల్పకోణం, అధికకోణం, వైశాల్యం, స్థాన విలువ. ఇంకో పాతిక కలిపినా ఒక కాగితంలో పడతాయి.

పరిష్కారం

మొదట దరఖాస్తు కాపీ తీసి మాధ్యమం గడిలో ఏముందో చూడండి. "ఇంగ్లిషే పెట్టించానండీ" అని గట్టిగా చెప్పినవాళ్ల కాగితంలో తెలుగు ఉండటం మామూలు సంగతి. కాపీ ఎక్కడో పోయిందంటే నెట్ సెంటర్‌లో మళ్లీ తీయించండి, నోటిమాట మీద వదలకండి.

తర్వాత పిల్లకి ఏ భాష నయమో తేల్చండి. బడి బోర్డు మీద ఏ మీడియం అని రాసుందో దానితో పనిలేదు. మాటల్లో అడిగే లెక్కలు ఓ పది తెలుగులో ఇవ్వండి. రెండు రోజులాగి అవే లెక్కలు అంకెలు మార్చి ఇంగ్లిష్‌లో ఇవ్వండి. టైం కూడా చూడండి. ఒక్కొక్క పేరా కూడా రెండు భాషల్లో చదివించండి. లెక్కల్లో ఇంగ్లిష్, పేరాల్లో తెలుగు నయంగా ఉండే పిల్లలు ఎక్కువ, అక్కడే పెద్దలకి తికమక. నా ఓటు పేరాలు సులువుగా చదివే భాషకే. లెక్కల మాటలు మూడు నాలుగు వారాల్లో నేర్పొచ్చు, చదివే వేగం అంత తొందరగా రాదు.

దరఖాస్తులో ఉన్నదీ మీరు తేల్చిందీ వేరైతే, దరఖాస్తుల గడువు ముగిశాక సవరణలకి కొద్ది రోజులు అవకాశం ఇస్తారు. లింగం, కేటగిరీ, గ్రామీణ-పట్టణ వివరాలతో పాటు మాధ్యమం కూడా అప్పుడు మార్చుకోవచ్చు. ఆ కొద్ది రోజులు దాటితే ఇక మార్చరు. నవోదయ విద్యాలయ సమితి వెబ్‌సైట్ చూస్తూ ఉండండి, ఎవరో ఫోన్ చేసి చెబుతారని కూర్చోకండి.

గడువు దాటిపోయిందా? కొత్త గైడ్ అక్కర్లేదు. రెండు రాష్ట్రాల సర్కారు పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉండేవి వచ్చాయి. నాలుగు, ఐదు తరగతుల లెక్కల పుస్తకాలు తెచ్చుకోండి. మీ పిల్లది ప్రైవేటు బడి అయితే పక్కింటి సర్కారు బడి పిల్లని అడగండి. రోజుకో పాఠం తెరిచి, ఈ పేజీలో మాట ఎదురు పేజీలో ఏమైందో పిల్లతోనే వెతికించి రాయించండి. మీరు పట్టిక రాసిచ్చి బట్టీ పట్టిస్తే మాట గుర్తుంటుంది, లెక్కలో అది కనపడినప్పుడు మాత్రం తట్టదు. వెతికించడమే పని చేస్తుంది. ఆ తర్వాత రెండు భాషల పేపర్లు పక్కన పెట్టేసి, పరీక్ష భాషలో ఉన్నవే ఇవ్వండి. దొరక్కపోతే రెండో వరస మీద కాగితం అంటించండి.

పేరాలకి రోజూ పది నిమిషాలు పైకి చదివించడం తప్ప దగ్గరి దారి లేదు. పేపర్లో పిల్లల పేజీ, కథల పుస్తకం, ఏదైనా సరే. ఒత్తుల దగ్గర తడబడితే ఆపి తిట్టకండి, పేరా అయ్యాక ఆ మాట ఒకసారి చూపించండి.

మొదటి రెండు వారాల్లో మార్కులు ఇంకా తగ్గొచ్చు. ఎదురు వరస లేకుండా చదవడం కొత్త కదా. అప్పుడు గాభరా పడి మళ్లీ పాత బిట్ బ్యాంకుకి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ఆగండి.

లక్షణం: చివరి పదిహేను ప్రశ్నలు ఖాళీ

ముందున్న మెంటల్ ఎబిలిటీలో బొమ్మల దగ్గర పట్టుబట్టి కూర్చుంటున్నారు. దాచిన బొమ్మ వెతకడం, కాగితం మడిచి రంధ్రం చెయ్యడం, ఈ రెండు రకాలే టైం తినేస్తాయి. గంటలో 40 ప్రశ్నలంటే ఒక్కోదానికి నిమిషంన్నర. తట్టకపోతే ప్రశ్నపత్రంలో చిన్న గుర్తు పెట్టి ముందుకెళ్లడం ఇంట్లోనే అలవాటు చెయ్యండి. మార్కుల కోత లేదు కాబట్టి చివర్లో ఏదీ ఖాళీగా ఉండకూడదు. ఇదీ ఇంట్లోనే అలవాటు కావాలి, హాల్లో గుర్తు రాదు.

బొమ్మలే రాకపోతే పుస్తకం మూసి అద్దం ఇవ్వండి, కాగితం మడిచి కత్తెరతో కోయించండి. రెండు ఆదివారాల్లో సర్దుకుంటుంది.

లక్షణం: ప్రశ్నపత్రంలో టిక్కులు సరే, ఓఎంఆర్‌లో (జవాబుల గడులు దిద్దే షీటులో) తప్పు

ఒక ప్రశ్న వదిలి తర్వాతది చేసినప్పుడు ఓఎంఆర్‌లో వరస మాత్రం వదలరు. అక్కడినుంచి అన్నీ ఒక గడి జరిగిపోతాయి. జవాబులన్నీ చివర్లో ఒకేసారి దిద్దుదామనుకునేవాళ్లకి కూడా ఇదే జరుగుతుంది. పేజీ అయ్యాక ప్రశ్న నంబరు, గడి నంబరు సరిపోయాయా అని వేలు పెట్టి చూసుకోవడం నేర్పండి. బాల్ పాయింట్ పెన్నుతో దిద్దింది చెరిపే వీల్లేదు. ఇంట్లో పెన్సిల్‌తో ప్రాక్టీసు చేయించి హాలుకి పెన్నిచ్చి పంపకండి. జిరాక్స్ ఓఎంఆర్ షీట్లు రూపాయో రెండో, వాటికి వెనకాడకండి.

లక్షణం: పేపర్ అనగానే కడుపునొప్పి, రాత్రి నిద్ర లేదు

ముందు పైవన్నీ చూడండి. చాలాసార్లు భాష సంగతి తేలాక కడుపునొప్పీ పోతుంది. పోకపోతే ఇంట్లో మాటలు వినండి. ఈ పరీక్ష రెండోసారి రాయనివ్వరన్నది నిజమే, ఆ సంగతి పెద్దలకి తెలిస్తే చాలు. "ఇదే ఆఖరి ఛాన్సు" అని భోజనాల దగ్గర రోజూ అనక్కర్లేదు. ఒక విద్యాలయంలో ఆరో తరగతికి ఉండేవి ఎక్కువలో ఎక్కువ 80 సీట్లు. జిల్లా మొత్తం పిల్లలు వాటికే రాస్తారు. సీటు రాకపోతే మోడల్ స్కూలా, గురుకులమా, ఉన్న బడేనా అన్నది ఇప్పుడే తేల్చి పిల్లకి చెప్పండి. "చూద్దాంలే" అంటే పిల్లలు దాన్ని బెదిరింపుగానే వింటారు.

పరీక్ష మామూలుగా పదకొండున్నరకి మొదలై ఒంటిగంటన్నర దాకా సాగుతుంది. మధ్యాహ్నం అన్నం వేళ అది. ఆఖరి రెండు వారాలు మోడల్ పేపర్ ఆ టైంకే పెట్టండి. రాత్రి తొమ్మిదికి, రోజంతా బడి, ట్యూషన్ అయ్యాక పెట్టిన పేపర్లో మార్కులు ఎలాగూ రావు. తేదీని కూడా గుడ్డిగా నమ్ముకోకండి. 2025 ప్రవేశాలకి మన దగ్గర జనవరి 18న జరిగింది, 2026 ప్రవేశాలకి 2025 డిసెంబరు 13నే పెట్టేశారు. జనవరి అనుకుని సిలబస్ పంచుకున్నవాళ్లు చివరి నెలంతా పరుగులు పెట్టారు.

అరుదైనవి

బొమ్మల ప్రశ్నలే పోతూ, పుస్తకం ముఖానికి ఆనించి చదువుతుంటే కళ్లు చూపించండి. రాత్రి పూట ఫోన్ తీసెయ్యండి. జ్ఞాపకశక్తి టానిక్కులు, ఏకాగ్రత తాయెత్తులు కొనకండి. గ్రహదోషం అన్నవాళ్లకి నా దగ్గర జవాబు లేదు, దరఖాస్తు కాపీ చూపించమంటాను.