పాత .38 రివాల్వర్‌తో ప్రాక్టీస్: మొదటి తూటాకు ముందు చూడాల్సినవి

మందు తక్కువ పెట్టిన తేలికపాటి తూటాలే కదా, పాత రివాల్వర్‌కు ఏమీ కాదులే అని చాలామంది ధీమాగా ఉంటారు. తేలిక తూటా అరిగిన భాగాల మీద భారం తగ్గిస్తుంది గాని అరుగుదలను సరిచేయదు. పైగా మందు తక్కువైనకొద్దీ బులెట్ (తూటా నుంచి విడిపోయి ముందుకు వెళ్లే సీసపు ముక్క) బ్యారెల్ మధ్యలోనే ఆగిపోయే అవకాశం పెరుగుతుంది. కాబట్టి తూటాల సంగతి తర్వాత, ముందు తుపాకి సంగతి చూడాలి.

అమెరికాలో పాత సరుకుగా ఎక్కువగా చేతులు మారే స్మిత్ అండ్ వెసన్ మిలిటరీ అండ్ పోలీస్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 1899లో మొదలైన ఈ రివాల్వర్‌కే 1957లో మోడల్ 10 అని పేరు వచ్చింది. ఇక్కడ చెప్పేవి చూసి పట్టుకునే పరీక్షలు మాత్రమే. రిపేరు గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) పని. ఇండియాలో ఉన్నవారికైతే, లైసెన్సు లేకుండా ఆయుధాలు రిపేరు చేయడం, తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద నేరం.

సిలిండర్ తెరిచి తూటాలు పట్టే ఆరు గదులూ కళ్లతో చూడండి, తర్వాత వేలితో తడిమి చూడండి. తూటాలన్నీ ఇంట్లో మరో చోట పెట్టేయండి. అప్పుడే మొదలుపెట్టాలి.

మొట్టమొదట టైమింగ్, అంటే తూటాను కొట్టే హ్యామర్‌ను లాగేసరికి సిలిండర్ గది బ్యారెల్‌కు సూటిగా వచ్చి ఆగడం. సిలిండర్ మూసి, ఒక వేలిని దాని మీద ఆనించి కొద్దిగా అడ్డుపడుతూ, బొటనవేలితో హ్యామర్‌ను చాలా నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా నిలబడే సరికి సిలిండర్‌ను కదలకుండా పట్టే స్టాప్ అనే ముక్క దాని గాడిలో టక్కున పడిపోవాలి. హ్యామర్ నిలబడినా సిలిండర్ ఇంకాస్త తిరగాల్సి ఉంటే టైమింగ్ వెనకబడినట్టే: గది, బ్యారెల్ ఒకే వరుసలోకి రావు, బులెట్ అంచు చెక్కుకుపోయి సీసం పక్కలకు చిమ్ముతుంది. ఒక్క గదితో సరిపెట్టుకోవద్దు. ఐదు బాగుండి ఆరోది తప్పడం మామూలే, ఎందుకంటే సిలిండర్ వెనక ఉండే ఎజెక్టర్ నక్షత్రానికి (ఖాళీ కేస్‌లను బయటికి తోసే ముక్కకు) ఉండే ఆరు పళ్లూ ఒకేలా అరగవు.

హ్యామర్ లాగి ఉంచి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా, హ్యామర్‌ను వెనక నుంచి బొటనవేలితో ముందుకు గట్టిగా నొక్కండి. అది జారి పడిందంటే లోపలి భాగాలు అరిగాయన్నమాట, లేదా ఎవరో ట్రిగ్గర్ తేలిక చేయాలని లోపల ఆకురాయి పట్టారన్నమాట. అలాంటి రివాల్వర్‌ను బాగు చేయించేదాకా కాల్చకూడదు.

తర్వాత ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకుల కట్ట) తీసుకోండి. బళ్ల మెకానిక్ దగ్గర ఉండేదే సరిపోతుంది. సిలిండర్‌ను వెనక్కి నొక్కిపెట్టి, దాని ముందు అంచుకూ బ్యారెల్‌కూ మధ్య సందు కొలవండి. ముందుకు నొక్కి మళ్లీ కొలవండి. మొదటి కొలత 0.004 నుంచి 0.008 అంగుళం లోపు ఉంటే మంచిది, 0.010 దాకా పరవాలేదు. 0.012 దాటితే గన్‌స్మిత్‌కు చూపించాలి. రెండు కొలతల తేడాయే సిలిండర్ ముందువెనకల ఆట. అది 0.003 దాటితే సన్నటి షిమ్ (సందు పూడ్చే రేకు వలయం) వేయించాలి. సందు మరీ తక్కువైతే నాలుగు రౌండ్లకే మసి పట్టి సిలిండర్ బిగుసుకుంటుంది. ఎక్కువైతే వాయువు పక్కకు పోతుంది. తేలిక తూటాలో ఉన్నదే కొంచెం మందు, అందులోనూ పక్కకు పోతే బులెట్‌ను తోసే బలం ఇంకేం మిగులుతుంది?

బ్యారెల్ లోపలికి టార్చి వేసి చూడండి. ఎక్కడైనా ఉంగరంలా నల్లటి వలయం కనిపిస్తే, ఒకప్పుడు ఇరుక్కున్న బులెట్ వెనక మరొకటి కాల్చారని అర్థం. బయట అదే చోట వేలితో రాస్తే చిన్న ఉబ్బు తగలవచ్చు.

ఇదే రివాల్వర్‌కు రెండో ప్రపంచ యుద్ధం నాటి రకమైన విక్టరీ మోడల్ అయితే మరో రెండు సంగతులు చూడాలి. బ్రిటన్‌కు పంపినవి ఈ రివాల్వర్‌లో మామూలుగా వాడే .38 స్పెషల్ తూటావి కావు, .38 స్మిత్ అండ్ వెసన్ తూటావి. ఆ తూటా పొట్టిది, కాస్త లావు. తర్వాత చాలావాటిని లోపల తొలిచి స్పెషల్ పట్టేలా మార్చారు. వాటిలో కాలిస్తే ఖాళీ కేస్ (మందు, బులెట్ పట్టి ఉంచే లోహపు తొడుగు) అడుగున ఉబ్బుతుంది, కొన్ని నిలువునా చీలతాయి. కాల్చిన కేస్‌ను బల్ల మీద దొర్లిస్తే ఉబ్బు ఇట్టే తెలుస్తుంది. రెండోది, సీరియల్ నంబరు ముందు వి (V) అక్షరం మాత్రమే ఉండి ఎస్ (S) లేనివాటిలో పాత రకం హ్యామర్ బ్లాక్ (హ్యామర్ దానంతటది తూటాను కొట్టకుండా ఆపే ముక్క) ఉంటుంది. కింద పడితే పేలవచ్చు. అందుకే హ్యామర్ కింది గది ఖాళీగా ఉంచాలి.

ఇక తూటా. ఫ్యాక్టరీలో తయారైన 148 గ్రెయిన్ (బులెట్ బరువు కొలత) వాడ్‌కట్టర్‌ను మించింది లేదు. ముక్కు చదునుగా ఉండి, బులెట్ కేస్ అంచు దాకా లోపలికి దిగి ఉంటుంది. సెకనుకు సుమారు 700 అడుగుల వేగం, కాగితంలో గుండ్రటి శుభ్రమైన రంధ్రం. ప్లస్ పి (+P) అని రాసి ఉన్న, ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటాలు పాత తుపాకిలో వేయొద్దు. మొదటి ఆరింటినీ ఒక్కొక్కటిగా వేసి కాల్చి, ప్రైమర్ (కేస్ అడుగున మందును అంటించే చిన్న బిళ్ల) మీద పిన్ను దెబ్బ చూడండి. దెబ్బ మధ్యలో కాక పక్కకు పడితే టైమింగ్ పరీక్ష మళ్లీ చేయాలి.

కాల్చేటప్పుడు చెవి, చెయ్యి రెండూ అప్రమత్తంగా ఉండాలి. "ఢాం" అనాల్సింది "టప్" అని, తన్ను తగలకపోతే వెంటనే ఆపేయండి, మరోసారి ట్రిగ్గర్ నొక్కకండి. గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. సిలిండర్ తెరిచి, అన్నీ తీసేసి, బ్యారెల్ వెనక నుంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూడండి. సిలిండర్ తెరుచుకోకపోతే బులెట్ సందులో అడ్డంగా ఉండవచ్చు. మిగతా గదుల్లో తూటాలుంటాయి కాబట్టి బలవంతం చేయకుండా రేంజ్ అధికారికి చెప్పండి.

కాల్చే మధ్యలో సిలిండర్ బిగుసుకుంటే ఎక్కువసార్లు కారణం చిన్నది: ఎజెక్టర్ నక్షత్రం కింద చేరిన కాలని మందు పలుకు. ఖాళీ కేస్‌లు తోసేటప్పుడు గొట్టం పైకి ఉంటే పలుకులు కేస్‌లతో పాటు కిందికి రాలిపోతాయి. నైలాన్ బ్రష్‌తో ఒకసారి తుడిస్తే చాలు, అక్కడ నూనె పోయకండి, మసి అంటుకుంటుంది. ఎజెక్టర్ కడ్డీ వదులైనా సిలిండర్ తెరుచుకోవడం కష్టమవుతుంది. మరలు ఎటు తిరుగుతాయో తెలియకుండా పటకారు వేయకండి, పాతవాటిలో ఒక దిక్కు, కొత్తవాటిలో మరో దిక్కు.

శుభ్రం చేశాక పల్చగా నూనె రాసి దాచండి. నికెల్ పూత ఉంటే అమోనియా ఉన్న ద్రావకం తాకనివ్వొద్దు, పూత కింద ఉండే రాగిని తినేస్తుంది. తోలు హోల్‌స్టర్‌లో నిల్వ ఉంచినా లోహం తుప్పు పడుతుంది, కాబట్టి రివాల్వర్‌ను అందులోంచి తీసి విడిగా పెట్టాలి.