బ్యాండ్‌లో గిటార్, 4వ పాఠం: షాపులో ముద్దొచ్చింది, స్టేజీ మీద కూత పెట్టింది

పోయిన పాఠంలో, స్పీకర్‌కి తగిలించే అకౌస్టిక్ గిటార్ కొనేముందు జాక్ పెట్టి వినండని చెప్పా. విన్నారు, కొన్నారు, ఇప్పుడు మెసేజ్‌లన్నీ ఒకటే గోల. "అన్నా, షాపులో బ్రహ్మాండంగా ఉండింది, చర్చిలో మానిటర్ (మనకి వినపడాలని మన వైపు తిప్పిపెట్టే స్పీకర్) ముందు నిలబడంగానే హూమ్ అని కూత, సౌండ్ అతను అందరి ముందూ తిట్టాడు" అని. కందుకూరాయనైతే ఏకంగా గిటార్ అమ్మేస్తానంటున్నాడు. ఆగు సామీ, అమ్మబాక. ఈరోజు నెక్ గురించీ తీగల ఎత్తు గురించీ చెబ్దామనుకున్నా, అది పక్కనబెట్టేస్తన్నా (నెక్ చేతికి సరిపోవాలి, తీగలు మరీ పైకి ఉండకూడదు, పట్టుకుంటే మీకే తెలుస్తది, దానికి పాఠమెందుకు).

కూత యాడ్నించి వస్తదంటే, మానిటర్‌లోంచి వచ్చే సౌండ్ గిటార్ పై చెక్కనీ లోపలి గాలినీ కదిలిస్తది, ఆ కదలికని బ్రిడ్జిలో శాడిల్ (తీగలు ఆనే సన్న పట్టీ) కింద ఉండే పీజో పికప్ (కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) పట్టుకుంటది, మళ్ళీ మానిటర్‌కే పంపిస్తది, అది మళ్ళీ చెక్కని కదిలిస్తది, ఇట్టా తిరిగి తిరిగి పెరిగి కూతవుద్ది. డ్రెడ్‌నాట్ అంటామే, ఆ పెద్ద బాడీలో గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర మోగుద్ది. లావు తీగ మూడో ఫ్రెట్‌లో జీ 98 హెర్ట్జ్, ఐదో ఫ్రెట్‌లో ఏ 110. అందుకే చాలామందికి జీ కార్డ్ కొట్టి చెయ్యి ఆపంగానే మొదలవుద్ది. గిటార్ పాడయిందని కాదు, అది డబ్బా, దాని పనే మోగడం.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే మాట: "అన్నా, దీంట్లో బేస్ బాగుంది, అందుకే తీసుకున్నా". అయ్యా, మీ బ్యాండ్‌లో బేస్ వాయించేవాడు ఉండాడా లేదా? ఉండాడు. కీబోర్డ్ అతని ఎడమ చెయ్యి ఏం చేస్తా ఉంది? అదీ బేసే. ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్‌లో కిక్? అదీ ఆడనే. పెళ్లి ఆర్కెస్ట్రా అయితే దానికి తోడు డోలక్ ఎడమ వైపు. ఇంతమంది కూర్చున్న బెంచీ మీద మీరూ పోయి ఇరుక్కుంటానంటే ఎట్టా? బ్యాండ్‌లో మన చోటు పైన, సన్న స్వరాల్లో ఉంది, ఆ స్ట్రమ్మింగ్‌లో ఛక్ ఛక్ అనే తీగ శబ్దం, అదే జనానికి వినపడేది. షాపులో మీరొక్కరే, ఏసీ రూము, యాంప్‌లో రివర్బ్ (హాల్లో మోగినట్టు చేసేది) తిప్పి ఉంటది, అక్కడ లావు సౌండే గొప్పగా ఉంటది. స్టేజీ మీద సౌండ్ అతను చేసే మొదటి పని మీ ఛానల్‌లో లో కట్ బటన్ నొక్కడం, చిన్న మిక్సర్‌లో కూడా ఉంటది చూడండి, 80 లేదా 100 హెర్ట్జ్ కింద తగ్గించేస్తది. మీరు మోజుపడిన బేస్ ఆడనే పాయె, మిగిలింది కూత.

అందుకని నా ఓటు సన్న బాడీకి, కటవే (పై ఫ్రెట్లకి చెయ్యి అందాలని నెక్ పక్కన కోసిన గంటు) ఉన్నదానికి, పై చెక్క లామినేట్ (పొరలు అతికించిన చెక్క) అయినా పర్లేదు. సాలిడ్ టాప్ సాలిడ్ టాప్ (పొరలు లేని అసలు చెక్క) అని అందరూ అంటారు, ఇంట్లో వాయించుకోడానికి అదే బాగుంటది, నేనూ ఒప్పుకుంటా. కానీ లామినేట్ తక్కువ మోగుద్ది, స్టేజీకి అదే కావాలి, పైగా కొత్తపట్నం గాలికీ నెల్లూరు రోహిణి ఎండకీ తట్టుకుంటది. యమహా ఏపీఎక్స్ సిరీస్ 1987 నుంచీ స్టేజీ కోసమే సన్నగా వస్తా ఉంది. అదే కొనమని కాదు, ఆ తరహా చూడమంటున్నా.

ఆల్రెడీ పెద్ద బాడీ కొనేసినవాళ్ళు సౌండ్ హోల్‌కి రబ్బర్ మూత పెట్టండి, చాలావరకు తగ్గుద్ది. ప్రీయాంప్ (గిటార్ పక్కన బటన్లుండే, పికప్ సిగ్నల్‌ని పెంచే పెట్టె) మీద నాచ్ (ఒక్క స్వరాన్నే తగ్గించేది) అని ఉంటే కూత వచ్చే స్వరం దగ్గరికి మెల్లగా తిప్పండి, ఫేజ్ బటన్ (సౌండ్ అలని తిరగేసేది) ఉంటే ఒకసారి నొక్కి చూడండి, ఒక్కోసారి అదే సరిపోద్ది. మానిటర్‌కి ఎదురుగా నిలబడబాకండి, కొంచెం పక్కకి తిరగండి. కొత్తగా కొనేవాళ్ళు నాచ్, ఫేజ్ ఉన్న ప్రీయాంప్ ఉందా లేదా అని ముందే అడగండి.

చీరాల తమ్ముడు "నాలుగో తీగ మాత్రం స్పీకర్‌లో వినపడట్లేదు" అన్నాడు. యాక్షన్ (తీగల ఎత్తు) తగ్గించాలని శాడిల్ అడుగు గీకించావు కదా? అడుగు చదునుగా లేకపోతే ఆ తీగ కింద పీజోకి సరిగ్గా ఆనదు, అంతే. కొనేటప్పుడు కూడా ఆరు తీగల్నీ ఒకే బలంతో ఒక్కొక్కటే మీటి స్పీకర్‌లో వినండి.

బ్యాటరీ: వాయించడం అయ్యాక జాక్ పీకేయండి, చాలా గిటార్లలో జాక్ పెడితేనే ప్రీయాంప్ ఆన్ అవుద్ది, పెట్టి వదిలేస్తే 9 వోల్ట్‌ల బ్యాటరీ ఊరికే అయిపోతా ఉంటది. ఇంకేం లేదు దీంట్లో.

అభ్యాసం. మీ బ్యాండ్ రిహార్సల్‌లో బేస్, కీబోర్డ్, ప్యాడ్ మాత్రం ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. నెల్లూరు షాపయినా, రైలెక్కి మద్రాసు పోయినా, దాన్ని ఓ బ్లూటూత్ స్పీకర్‌లో గట్టిగా పెట్టి దాని మీద గిటార్ వాయించండి. షాపువాడు మొహం అదోలా పెడతాడు, పెట్టనీండి. ఈక్యూ (బేస్, ట్రెబుల్ తిప్పే బటన్లు) అన్నీ మధ్యలో, రివర్బ్ సున్నా. వాయించేది మీరు, వినేది మీ బ్యాండ్‌లో ఇంకొకరు, అతను షాపు గుమ్మం దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని, ఏ గిటారో తెలియకుండా, బ్యాండ్ మధ్యలో బాగా వినపడినదాని నంబర్ చెప్పాలి. కనీసం నాలుగు గిటార్లు, రెండు రౌండ్లు. రెండో రౌండ్‌లో నంబర్లు మార్చి పెట్టండి, రెండుసార్లూ ఒకటే గిటార్ చెప్తే దాని ధర అడగండి.

ఆల్రెడీ కొన్నవాళ్ళకి వేరే పని. ఈ ఆదివారం అరగంట ముందే పోయి, మానిటర్ మెల్లగా పెంచుతా, కూత ఏ ఫ్రెట్ స్వరంలో వస్తా ఉందో పట్టుకుని రాసి పంపండి. డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే చిన్న పెట్టె) పాఠం అవి వచ్చాకే.