ఎడీనియం మొక్కలు అమ్మే ముందు ఇవి చూసుకోండి

మన తిరుపతి మిద్దెతోట వాళ్ళు ఎడీనియం (మొదలు దుంపలా ఉబ్బి ఉండే పూలమొక్క, ఎడారి గులాబీ అంటారు) ఒకరికొకరు ఆన్‌లైన్‌లో అమ్ముకునేటప్పుడు తెలిసినోళ్ళే కదా అని ఏమీ మాట్లాడుకోకుండా పంపేస్తారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

- పంపబోయే మొక్కనే ఫోటో తీయండి, దుంప పక్కన స్కేలు పెట్టి. మెత్తబడిన చోటుంటే అదీ చూపించాల్సిందే, నేను ఒకసారి చిన్న మచ్చే కదా అని చెప్పలేదు, చిత్తూరులో అన్న చేతికి పోయేసరికి దుంప సగం కుళ్ళింది, డబ్బులు వెనక్కిచ్చినా ఆయనకి ఫోన్ చేయాలంటే ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంది.
- గింజ మొక్కా, అంటు మొక్కా రాయండి. గింజ మొక్కకి తల్లి రంగు పువ్వే వస్తుందని మాట ఇవ్వొద్దు.
- పార్సిల్ ఖర్చు వేరే అని, మట్టి దులిపి వేర్లు ఆరబెట్టి పేపర్లో చుట్టి పంపుతామని, కుండీ రాదని ముందే చెప్పండి.
- దారిలో చెడిపోతే నష్టం ఎవరిది? పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి అదే రోజు పంపితే డబ్బు వాపసు అని నేను పెట్టుకున్నా. ఇది మెసేజ్‌లో రాసి, వాళ్ళు సరే అన్నాకే డబ్బు తీసుకోండి.
- మనకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, కొట్టమన్నారంటే ఆ బేరం వదిలేయండి.
- ఎడీనియం పాలు విషం. చిన్నపిల్లలున్న ఇల్లా అని అడిగి మరీ చెప్పండి.